నీళ్లు చుట్టిన ఇళ్లు



ఇంగ్లండులో పొలాల మధ్య నడిచేవాళ్లు చేత పట్టుకుని తిరిగే పటం ఒకటుంది. ఆర్డ్‌నెన్స్ సర్వే సంస్థ దాన్ని అచ్చు వేస్తుంది. కాలిబాటలు, చర్చిలు, వాగులు, పబ్బులు అన్నీ అందులో ఉంటాయి. సఫోక్, ఎసెక్స్ ప్రాంతాల పటం పరిచి చూస్తే, మామూలు అక్షరాల మధ్య అక్కడక్కడ పాత గోథిక్ లిపిలో ‘మోట్’ అని కనిపిస్తుంది. పక్కనే సన్నని నీలం గీతతో ఒక చతురస్రం. కొన్నిచోట్ల మూడు పక్కలే మిగిలి ఉంటాయి, కొన్నిచోట్ల ఒకే ఒక్క మూల. ప్రాచీన అవశేషాలను వేరుగా చూపడానికి ఆ సంస్థ ఆ పాత లిపిని వాడుతుంది.

మోట్ అంటే అగడ్త. అగడ్త అనగానే మనకు ఓరుగల్లు, గోల్కొండ గుర్తుకొస్తాయి. కోట, బురుజులు, సైన్యం, ముట్టడి కళ్ల ముందు కదులుతాయి. ఆ పటం మీది అగడ్తల వెనుక మాత్రం కోటలు లేవు. మధ్యయుగాల్లో కాస్త కలిగినవాళ్లు తమ ఇంటి చుట్టూ, పశువుల కొట్టం చుట్టూ, పెరటితోట చుట్టూ తవ్వించుకున్న నీటి కందకాలు అవి. ఇంగ్లండులో ఇలాంటివి దాదాపు 6,000 దాకా గుర్తించారు. ఎక్కువ భాగం ఆ దేశపు మధ్య, తూర్పు ప్రాంతాల్లో ఉన్నాయి. వాటిలో చాలావాటి మీద ఇప్పుడు ఇల్లూ లేదు, గోడా లేదు. చుట్టూ కందకం, మధ్యలో గడ్డి మొలిచిన దిబ్బ, అంతే. ఈ మాట్లాడే కాసేపూ ఆ గడ్డి దిబ్బల పక్షాన, వాటి చుట్టూ ఉన్న బురద పక్షాన మాట్లాడదామని వచ్చాను.

ఇవి ఎక్కువగా పుట్టిన కాలం 1250 నుంచి 1350 వరకూ ఉన్న నూరేళ్లు. ఆ నూరేళ్లలో మొదటి సగం ఇంగ్లండులో జనం పెరిగిన కాలం, ధాన్యానికి ధర పలికిన కాలం. అడవి నరికి కొత్తగా సాగు భూమి చేసుకున్నవాళ్లు ఊరికి దూరంగా, తమ పొలంలోనే ఇల్లు కట్టుకున్నారు. వారిక్‌షైర్‌లోని ఆర్డెన్ అడవి ప్రాంతంలో అగడ్తలు అంత దట్టంగా ఉండటానికి అదొక కారణం. నేల కూడా కలిసొచ్చింది. సఫోక్, ఎసెక్స్‌లలో హిమయుగం వదిలిపోయిన బరువైన బంకమట్టి ఉంది. అందులో గొయ్యి తవ్వితే నీళ్లు ఇంకవు, నిలుస్తాయి.

దొంగల భయం కూడా నిజమే. 1285లో మొదటి ఎడ్వర్డ్ రాజు వించెస్టర్‌లో ఒక శాసనం చేశాడు. రాజమార్గాలకు ఇరువైపులా 200 అడుగుల మేర పొదలు, గుబుర్లు నరికేయాలని అందులో ఆజ్ఞాపించాడు. దారి కాచేవాళ్లు దాక్కోకుండా చేసిన కట్టడి అది. రాజుగారి రహదారికే అంత రక్షణ కావలసినప్పుడు, ఊరికి దూరంగా ఒంటరిగా ఉన్న ఇంటివాళ్ల గుండె దడ ఊహించుకోవచ్చు. అయితే ఎనిమిది మీటర్ల వెడల్పు నీళ్లు సైన్యాన్ని ఆపవు. రాత్రిపూట పశువులు తోలుకుపోయేవాణ్ని ఆపుతాయి, లేళ్లను తోటలోకి రానివ్వవు. ఇల్లు కలపతోనూ కప్పు గడ్డితోనూ కట్టుకున్నప్పుడు, అంటుకుంటే ఆర్పడానికి నీళ్లు చేతికందే దూరంలో ఉంటాయి.

వీటన్నిటినీ మించిన కారణం గౌరవం. పెద్ద ప్రభువు కోట చుట్టూ నీళ్లున్నాయి కదా, మన గుమ్మం ముందూ ఉండాలి అన్న కోరిక. గోడల మీద కోటల తరహా పిట్టగోడ పళ్లు కట్టాలంటే రాజు దగ్గర అనుమతి పత్రం తీసుకునేవారు. అగడ్తకు అలాంటి పత్రం అక్కర్లేదు. కూలి ఇవ్వగలిగితే చాలు. అందుకే చిన్న చిన్న భూస్వాములు, మఠాలు, చివరికి స్థితిమంతులైన కొందరు రైతులు కూడా తవ్వించుకున్నారు.

ఆ కూలి ఎంతో ఒకసారి లెక్క కడదాం. మధ్య దిబ్బ ఒక్కో పక్క 40 మీటర్లు అనుకోండి. చుట్టూ 8 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల లోతు కందకం, గట్లు వాలుగా. తవ్వి ఎత్తిపోయాల్సిన మట్టి సుమారు 1,900 ఘనమీటర్లు తేలుతుంది. అంచుకు మాత్రమే ఇనుము తొడిగిన చెక్క పారలతో, కాలు వేస్తే ఊడి రాని బంకమట్టిలో, మనిషి రోజుకు మూడు ఘనమీటర్లు ఎత్తాడనుకున్నా ఇరవై మందికి నెల దాటుతుంది. ఆ మట్టి వృథా పోయేది కాదు. కొంత మధ్య దిబ్బను చెమ్మకు అందకుండా ఎత్తు చేయడానికి, కొంత తడికెల గోడల మీద మెత్తడానికి పనికొచ్చేది. తవ్వినవాళ్ల పేర్లు ఎక్కడా లేవు. ఆ కందకం ఆకారమే వాళ్లు వదిలిన ఆనవాలు.

నీళ్లు నిలిచాక వాటిలో చేపలు పెంచారు. శుక్రవారాలు, ఈస్టరుకు ముందు వచ్చే నలభై రోజుల ఉపవాసాల్లో మాంసం తినకూడదన్న చర్చి నియమం ఉండటంతో చేపకు గిరాకీ ఉండేది. వంటింటి చెత్త, పగిలిన కుండలు, తెగిన చెప్పులు అందులోకే విసిరారు. మరుగుదొడ్డి కాలువ కూడా చాలా ఇళ్లలో అందులోకే తెరుచుకునేది. అలాంటి కాలువే ఒకసారి ప్రాణాలు కాపాడింది. వారిక్‌షైర్‌లో బాడెస్లీ క్లింటన్ అనే అగడ్త ఇల్లుంది. మొదటి ఎలిజబెత్ రాణి కాలంలో కాథలిక్ పాదిరీలు ఇంగ్లండులో అడుగుపెట్టడం మరణశిక్షకు తగిన నేరం. 1591 అక్టోబరులో ఆ ఇంట్లో పాదిరీలు సమావేశమై ఉండగా సోదా జరిగింది. వాళ్లు ఇంటి అడుగున, వాడకం మానేసిన పాత మురుగు కాలువలో దిగి, పాదాలు మునిగే నీళ్లలో నాలుగు గంటలు చప్పుడు చేయకుండా నిలబడ్డారు. వాళ్లలో ఒకరైన జాన్ జెరార్డ్ తరువాత తన జీవిత కథలో ఆ సంగతి రాసుకున్నాడు. ఇప్పుడు ఆ ఇల్లు నేషనల్ ట్రస్టు అనే పరిరక్షణ సంస్థ చేతిలో ఉంది. వెళ్లినవాళ్లకు ఆ దాగిన చోటు చూపిస్తారు.

సముద్రం దాటి ఐర్లండుకు వెళ్లిన ఆంగ్లో నార్మన్లు వెక్స్‌ఫర్డ్, కిల్కెన్నీ, టిప్పరరీ ప్రాంతాల్లో ఇలాంటివే తవ్వారు. పక్కనే ఐరిష్ తెగల రాజ్యాలున్న సరిహద్దు నేల అది. అక్కడ దర్పం పాలు తక్కువ, భయం పాలు ఎక్కువ అంటారు పరిశోధకులు.

1315లో మొదలైన మహా కరువు, 1348లో వచ్చిన ప్లేగు ఈ నూరేళ్ల తవ్వకానికి తెర దించాయి. కూలీలే కరువయ్యాక ఇరవై మందిని నెల రోజులు పెట్టడం ఎవరి తరం? కొన్ని ఇళ్లు పాడుపడ్డాయి. కొన్నిటిని తరువాతి తరాలవాళ్లు ఇరుకని వదిలేసి గట్టు అవతల కొత్త ఇల్లు కట్టుకున్నారు. పాత అగడ్త పశువులు నీళ్లు తాగే మడుగైంది. కలప శిథిలమైంది, మట్టిగోడ మట్టిలో కలిసింది. అడుగున మాత్రం ఏళ్ల తరబడి పూడిక పేరుకుంటూ వచ్చింది.

ఇక్కడికి వచ్చేసరికి అసలు విషయంలో పడ్డాం. ఆ పూడికలో గాలి చొరబడదు. ఆవకాయ జాడీలో నూనె పైకి తేలి ఉన్నంతకాలం కింది ముక్కకు బూజు పట్టనట్టే, పైన నీరు నిలిచి ఉన్నంతకాలం కింది బురదలో కుళ్లబెట్టే సూక్ష్మజీవులు బతకలేవు. పొడి నేలలో యాభై ఏళ్లు కూడా నిలవని వస్తువులు అక్కడ ఏడు వందల ఏళ్లు నిలుస్తాయి. చెక్క గిన్నె, తోలు చెప్పు, తాడు ముక్క, ప్లమ్ గింజ, పూల పుప్పొడి, పేడపురుగు రెక్క. పుప్పొడి చూసి చుట్టుపక్కల ఏ చెట్లుండేవో, ఏ పంట వేసేవారో చెప్పగలరు. పాత వంతెన దూలం ఒక్కటి దొరికితే దాని వలయాల వరసను పోల్చి చూసి ఆ చెట్టు దాదాపు ఏ కాలంలో నరికారో తేల్చగలరు. రాజుల గురించి దస్తావేజులున్నాయి, ప్రభువుల గురించి ఉన్నాయి. చిన్న భూస్వామి ఇంట్లో పనిమనిషి ఏ చెప్పు తొడుక్కుందో, ఆ ఏడు ఏ పండు తిందో తెలియాలంటే ఈ బురద తప్ప వేరే దిక్కు లేదు.

కాపాడటం అన్న మాటకు ఇక్కడ అర్థం వేరే అవుతుంది. గోడైతే సున్నం పూస్తాం, రాళ్లు సర్దుతాం. ఈ బురదను కాపాడాలంటే దాని జోలికి పోకూడదు, తడిగా ఉంచాలి. మన ఊళ్లలో చెరువు పూడిక తీసి పొలాలకు తోలడం మంచిపని. అక్కడి రైతులు కూడా తరతరాలుగా అగడ్త పూడిక ఎరువుగా తోలినవాళ్లే. ఇప్పుడు రక్షిత జాబితాలో ఉన్న అగడ్తలో అనుమతి లేకుండా పార దింపితే నేరం. పూడికతో పాటు ఏడు వందల ఏళ్ల సమాచారం చిందరవందరై పొలంలో చల్లబడుతుంది కాబట్టి ఆ నిబంధన.

ఆ చట్టం నడిచి వచ్చిన దారిలో మనకు బాగా తెలిసిన మనిషి ఒకడు ఎదురవుతాడు. బ్రిటన్‌లో ప్రాచీన కట్టడాల మొదటి చట్టం 1882లో వచ్చింది. పార్లమెంటులో పట్టు వదలకుండా దాన్ని సాధించినవాడు జాన్ లబ్బక్. అందులోని జాబితాలో ఎక్కువ భాగం చరిత్ర పూర్వయుగపు రాళ్లు, సమాధి దిబ్బలే. పైగా యజమాని ఇష్టపడితేనే రక్షణ. భూమి ఉన్నవాడి హక్కు మీద చెయ్యి వేయడానికి ఆ పార్లమెంటుకు చెయ్యి రాలేదు. తరువాత లార్డ్ కర్జన్ వైస్రాయిగా మన దేశానికి వచ్చాడు. కూలబడిన పురావస్తు శాఖను లేవదీశాడు, 1902లో జాన్ మార్షల్‌ను దానికి అధిపతిగా తెచ్చాడు, 1904లో ప్రాచీన కట్టడాల పరిరక్షణ చట్టం చేయించాడు. అవసరమైతే యజమాని ఒప్పుకోకున్నా కట్టడాన్ని సర్కారు స్వాధీనం చేసుకునే వీలు అందులో ఉంది. తమ దేశపు భూస్వాముల మీద ప్రయోగించడానికి వెనుకాడిన అధికారాన్ని పాలితుల నేల మీద చట్టం చేసేశారు. ఈ సంగతి మరచిపోకూడదు.

కర్జన్ తిరిగి వెళ్లాక 1911లో లింకన్‌షైర్‌లోని టాటర్‌షాల్ కోట అమ్మకానికి వచ్చింది. పదిహేనో శతాబ్దపు ఇటుక కట్టడం, చుట్టూ రెండు వరసల అగడ్తలు. దాని లోపలి చెక్కడపు రాతి పొయ్యిలను అప్పటికే పెకలించి, విదేశాలకు అమ్మేందుకు తరలించారు. కర్జన్ కోటను కొన్నాడు. పొయ్యిలు ఎక్కడున్నాయో వెతికించి 1912లో వెనక్కి తెచ్చి పెట్టించాడు. పూడిపోయిన అగడ్తలను తిరిగి తవ్వించాడు. ఆ గొడవ జనంలో రేపిన కదలికతో 1913లో ఇంగ్లండు చట్టం గట్టిపడింది. జాబితాకెక్కిన చోట పని చేయదలచిన యజమాని నెల ముందు సర్కారుకు తెలపాలన్నారు. తెలిపితే చాలు అన్న స్థితి పోయి, అనుమతి తీసుకునే తీరాలి అన్న స్థితి రావడానికి 1979 చట్టం దాకా ఆగాల్సి వచ్చింది. అక్కడ 1882లో మొదలైన నడక అంత నెమ్మదిది. మన దగ్గర 1904 చట్టం తరువాత 1958 చట్టం, దానికి 2010లో సవరణ వచ్చాయి. కేంద్ర రక్షణలో ఉన్న కట్టడానికి 100 మీటర్ల లోపల నిర్మాణం నిషేధం, ఆపైన 200 మీటర్లు నియంత్రణ. ఇళ్లూ పొలాలూ లోపలే ఉన్న ఓరుగల్లు కోటవాసులకు ఈ అంకెలు బాగా తెలుసు. ఇంగ్లండులో అలా కొలిచిన హద్దు లేదు. కట్టడం పరిసరాలకు ఎంత హాని అన్నది ఒక్కో దరఖాస్తులో విడిగా తూకం వేస్తారు.

ఇప్పుడు ఇంగ్లండు రక్షిత జాబితాలో అన్ని రకాల స్థలాలూ కలిపి దాదాపు 20,000 ఉన్నాయి. హిస్టారిక్ ఇంగ్లండ్ సంస్థ సలహా మీద మంత్రి నిర్ణయిస్తాడు. చట్టంలో ఒక మెలిక ఉంది. మనుషులు కాపురముంటున్న ఇల్లు ఈ జాబితాలోకి రాదు, దానికి కట్టడాల జాబితా వేరు. కాబట్టి ఒకే చోట ఇంటికి ఒక చట్టం, చుట్టూ ఉన్న నీళ్లకు మరో చట్టం వర్తించవచ్చు.

ఇల్లు మిగిలి ఉన్న అగడ్తల భవిష్యత్తు గురించి నాకంత బెంగ లేదు. కెంట్‌లోని ఐటమ్ మోట్ చూడండి. 1320ల నాటి ఇల్లు, 70కి పైగా గదులు. 1953లో చార్లెస్ హెన్రీ రాబిన్సన్ అనే అమెరికన్ దాన్ని కొని, 1985లో నేషనల్ ట్రస్టుకు వదిలి వెళ్లాడు. 1989 నుంచి 2004 వరకూ మరమ్మతు చేశారు, కోటి పౌండ్లకు పైగా ఖర్చయింది. ఇంటి ముంగిట్లో కుక్కకు కట్టిన గూడు కూడా మొదటి తరగతి రక్షిత కట్టడమే. నీళ్లలో నీడ పడే అందమైన ఇల్లు ఉంటే డబ్బు ఇచ్చేవాళ్లుంటారు, టిక్కెట్టు కొనేవాళ్లుంటారు. ఇల్లు లేని దిబ్బకు ఎవరున్నారు?

రెండో ప్రపంచ యుద్ధం తరువాత తిండిగింజల కోసం కొత్త భూమి దున్నమని, చెమ్మ నేల ఎండగట్టమని సర్కారే సాయం ఇచ్చింది. బుల్‌డోజర్లు వచ్చాయి. ఏడు వందల ఏళ్లు నిలిచిన కందకాన్ని పూడ్చి చదును చేయడానికి కొద్ది రోజులు చాలు. ఆకలి చూసిన దేశం అలా చేయడాన్ని నేను తప్పుపట్టలేను. పోయింది మాత్రం తిరిగి రాదు. ఆ వేగం చూసి 1970ల మొదట్లో కొందరు పరిశోధకులు అగడ్త స్థలాల అధ్యయనానికే ఒక బృందంగా ఏర్పడ్డారు. పల్లె పల్లెకూ తిరిగి లెక్క రాసుకున్నారు. 1986లో ఆ బృందం, పాడుపడిన ఊళ్లను పరిశోధించే బృందంతో కలిసి ఒక్కటైంది. ఈనాడు మనం 6,000 అనగలుగుతున్నామంటే అలాంటి కాలినడక లెక్కల పుణ్యం చాలా ఉంది.

తవ్వి, రాసుకుని, తరువాత చదును చేస్తే సరిపోదా అని అడిగేవాళ్లున్నారు. ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో చాల్‌గ్రోవ్ అనే ఊళ్లో బారెంటిన్ కుటుంబం ఉండిన అగడ్త ఇంటిని 1976 నుంచి 1979 వరకూ తవ్వారు. పదమూడో శతాబ్దం నుంచి పదిహేనో శతాబ్దం వరకూ ఆ ఇల్లు ఎలా పెరిగిందో, హాలు ఎక్కడ, వంటిల్లు ఎక్కడ, పశువుల కొట్టాలెక్కడ అన్నీ తేలాయి. ఇంగ్లండులో ఇంత పూర్తిగా తవ్విన అగడ్త ఇళ్లు అరుదు. దాని పూర్తి నివేదిక పుస్తకంగా వెలువడింది 2005లో. మూడేళ్ల తవ్వకాన్ని చదివి అర్థం చెప్పడానికి పాతికేళ్లు దాటింది. పైగా ఒకసారి తవ్విన పొర మళ్లీ తవ్వడానికి ఉండదు. 6,000 చోట్ల ఆ పని చేయగల దేశమేదీ లేదు.

కాబట్టి మిగిలిన దారి, ఉన్నవాటిని ఉన్నచోట ఉండనివ్వడం. అన్నీ జాబితాలో లేవు. జాబితాలో ఉన్నవాటికి కూడా రక్షణ గట్టిదేమీ కాదు. ముందు నుంచీ దున్నుతున్న నేలైతే, అదే లోతులో దున్నుకోవడానికి చట్టమే వెసులుబాటు ఇచ్చింది. లోతు అదే, కానీ ఏటా వాలు మీది మట్టి కొంచెం జారుతుంది, నాగలి కొంచెం కిందికి దిగుతుంది. పురావస్తు స్థలాలకు ఉన్న ముప్పుల్లో దుక్కిని ముఖ్యమైనదిగా హిస్టారిక్ ఇంగ్లండ్ చెబుతూ వస్తోంది. రాత్రిళ్లు మెటల్ డిటెక్టర్లతో వచ్చేవాళ్లు వేరే బెడద. అనుమతి లేకుండా రక్షిత స్థలంలో ఆ యంత్రం వాడటమే నేరం, అయినా నిర్మానుష్యమైన పొలానికి కాపలా ఎవరు?

దీనికి రైతును నిందించడం నాకు నచ్చదు. ఆ దిబ్బ అతని పొలంలో ఉంది, ట్రాక్టరు తిరగడానికి అడ్డం, పంట రాదు, గొయ్యి తీయాలన్నా ఎవరినో అడగాలి. ఆ భారం ఒక్కడి నెత్తిన పెట్టి, ఇది జాతి సంపద అనడం న్యాయం కాదు. అందుకే దున్నకుండా గడ్డికి వదిలినందుకు విస్తీర్ణం లెక్కన సొమ్ము ఇచ్చే ప్రభుత్వ పథకాలున్నాయి చూడండి, శిక్షలకన్నా అవే ఎక్కువ పనిచేస్తాయని నా నమ్మకం. జరిమానా ఒకసారి భయపెడుతుంది. ఏటేటా వచ్చే చెల్లింపు ఆ దిబ్బను పొలం లెక్కల్లో ఒక పంటగా నిలబెడుతుంది. ప్రభుత్వాలు మారినప్పుడల్లా ఆ పథకాలు కోతకు గురికాకుండా చూసుకోవడం అక్కడి పౌరుల పని.

నీటి సంగతి ఇంకా కష్టం. 2022 జూలై 19న బ్రిటన్ చరిత్రలో అత్యధిక ఉష్ణోగ్రత 40.3 డిగ్రీలు నమోదైన చోటు కనింగ్స్‌బీ. కర్జన్ అగడ్తలు తవ్వించిన టాటర్‌షాల్‌కు పక్క ఊరే అది. వేసవి ముదిరి, చుట్టుపక్కల పొలాల కింద భూగర్భ జలం దిగితే అగడ్త అడుగున ఉన్న పూడికకు పగుళ్లు వస్తాయి. పగుళ్ల గుండా గాలి దిగుతుంది. ఏడు వందల ఏళ్లు నిలిచిన తోలు, చెక్క అప్పుడు కుళ్లడం మొదలవుతుంది, పైకి ఏమీ తెలియకుండానే. అగడ్తలో గొయ్యి తీసినవాణ్ని చట్టం కోర్టుకు లాగగలదు. పక్క పొలంలో లోతైన కాలువ తీసి దాని తేమ లాగేసినవాణ్ని అంత తేలిగ్గా పట్టలేదు. పురావస్తు చట్టమూ నీటి పారుదల నిబంధనలూ కలిసి కూర్చుని రాయాల్సిన పని ఇది.

ఈ మాటలు వింటున్నవారిలో ఇంగ్లండులో ఉద్యోగాలు చేస్తున్న పిల్లలున్నవాళ్లు చాలామంది ఉంటారు. ఆ పిల్లలతో చెప్పండి. రక్షిత స్థలాల జాబితా మొత్తం హిస్టారిక్ ఇంగ్లండ్ ఇంటర్నెట్‌లో అందరికీ తెరిచి పెట్టింది. ఊరి పేరు కొడితే దగ్గరలో ఏ అగడ్త ఉందో, ఎందుకు జాబితాకెక్కిందో వస్తుంది. పటం మీద గోథిక్ అక్షరాల్లో ‘మోట్’ అని ఉండి, జాబితాలో లేని చోటు కనబడితే చేర్చమని ఎవరైనా దరఖాస్తు పెట్టవచ్చు. పొలం యజమాని అయి ఉండక్కర్లేదు, పండితుడు అయి ఉండక్కర్లేదు. ఎక్కడుందో చూపే పటం, ఫొటోలు, అది ఎందుకు ముఖ్యమో నాలుగు మాటలు జతచేయాలి.